అడుగు మూత కింది చరిత్ర

ల్యాప్‌టాప్‌లో లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్పును ప్రాసెసర్ అంటారు. ఏళ్లు గడిచినంత మాత్రాన ఆ చిప్పు మందగించదు. కొన్ననాడు సెకనుకు ఎన్ని ఆదేశాలను అమలు చేసిందో, దుమ్ము పేరుకుని వేడెక్కనంతవరకు, పదేళ్ల తర్వాత కూడా అన్నింటినీ అమలు చేయగలదు. మారేది దాని మీద పడే బరువే. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త రూపాలు, వైరస్‌లను పట్టే ప్రోగ్రాములు, ఒక్కో పేజీకే వందల మెగాబైట్లు మింగే బ్రౌజర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి చేరడంతో, అమ్మిననాడు సరిపోయిన యంత్రం అయిదారేళ్లకే చాలనిదవుతుంది. పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిక్లావుస్ విర్త్ 1995లోనే ఈ ధోరణిని తప్పుబడుతూ ఒక వ్యాసం ప్రచురించి, హార్డ్‌వేర్ వేగం పెరిగే దానికన్నా త్వరగా సాఫ్ట్‌వేర్ బరువెక్కుతోందని వాదించాడు. ఆ వాదనే తర్వాత విర్త్ సూత్రంగా పేరు తెచ్చుకుంది.

ఈ చిక్కుకు ఇవాళ ఏ రిపేరు దుకాణంలో అడిగినా దొరికే జవాబు దాదాపు ఒకటే: ర్యామ్ పెంచడం, హార్డ్ డిస్క్ తీసేసి దానికన్నా వేగమైన ఎస్ఎస్‌డీ వేయించడం. కొత్త యంత్రం ఖరీదులో చిన్న వంతుతో పాతది మళ్లీ చురుకుగా పనిచేస్తుంది గనుక, ఈ పద్ధతి కంప్యూటర్లు పుట్టిననాటి నుంచీ ఉన్నదేమో అనిపిస్తుంది. కానీ చరిత్రలో దీని కాలం చాలా ఇరుకైనది. సుమారు 2008కి ముందు ఇది ఇంతటి ఫలితాన్ని ఇవ్వగలిగేది కాదు. 2020 తర్వాత తయారైన సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇది వీలుపడదు. మూత విప్పి భాగాలు మార్చుకునే ఈ వెసులుబాటును ఏ కంపెనీ కూడా కొనుగోలుదారు మీది దయతో కల్పించలేదు. చిప్పుల ధరలు రేపెలా ఉంటాయో తెలియని స్థితిని తట్టుకోవడానికి తయారీదారులు తమకోసం చేసుకున్న ఏర్పాటు, కొంతకాలం కొన్నవారికి కూడా అక్కరకు వచ్చింది, అంతే. ఆ ఏర్పాటు పుట్టుక, విస్తరణ, క్షీణత ఒకే కథలో భాగాలు.

పాత కంప్యూటర్‌ను బాగుచేసి మళ్లీ వాడటం భారతదేశంలో ల్యాప్‌టాప్‌లతో మొదలైన అలవాటు కాదు. 1959లో విడుదలైన ఐబీఎం 1401 అమెరికాలో పాతబడి, అద్దెకు తీసుకున్న సంస్థలు దాన్ని తిరిగి ఇచ్చేస్తున్న 1960ల రెండో భాగంలో, ఐబీఎం ఆ వాడిన యంత్రాలను బొంబాయిలోని తన కర్మాగారానికి తెప్పించి, విడదీసి, శుభ్రపరచి, మళ్లీ బిగించి భారతీయ సంస్థలకు అద్దెకిచ్చేది. పాత సరుకుతో అధిక లాభాలు గడిస్తున్నారన్న విమర్శ పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ దాకా వెళ్లింది. విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్న విదేశీ మారక నియంత్రణ చట్టం (ఫెరా) నిబంధనకు ఒప్పుకోక 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు, అది వదిలిపోయిన వందలాది యంత్రాల ఆలనాపాలనా ప్రభుత్వ రంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. పేరులోనే మరమ్మతు పని ఉన్న ఆ సంస్థ తర్వాత సాఫ్ట్‌వేర్ వైపు మళ్లి, సీఎంసీగా హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రాన్ని నడిపింది. 1967లో అణుశక్తి శాఖ కింద అదే నగరంలో ఏర్పడిన ఈసీఐఎల్, టీడీసీ-12తో మొదలుపెట్టి దేశీయంగా కంప్యూటర్లను తయారుచేసింది. విడిభాగం కావాలంటే దిగుమతి లైసెన్సు కోసం నెలల తరబడి ఎదురుచూడవలసిన ఆ కాలంలో, బోర్డులో చెడిన చిప్పును వెతికి పట్టుకుని మార్చగలగడం ఇంజనీర్లకు తప్పనిసరి విద్య. అయితే అప్పటి పని మరమ్మతుకే పరిమితం. ఉన్న యంత్రాన్ని కొన్ననాటి కన్నా మెరుగుపరచడమన్నది వేరే చోట, వేరే కారణాల వల్ల పుట్టింది.

ఆ చోటు అమెరికాలోని పర్సనల్ కంప్యూటర్ పరిశ్రమ. 1977లో వచ్చిన యాపిల్ 2 బోర్డు మీద ఎనిమిది స్లాట్లు, అంటే అదనపు కార్డులు గుచ్చుకునే గాళ్లు ఉండేవి. రెండు చాలన్న స్టీవ్ జాబ్స్ మాటకు ఒప్పుకోకుండా స్టీవ్ వాజ్నియాక్ పట్టుబట్టి ఎనిమిదీ ఉంచాడు. 1981 ఆగస్టులో విడుదలైన ఐబీఎం పీసీలో అయిదు స్లాట్లు ఉండగా, దాని కనిష్ఠ నమూనాలో ఉన్న ర్యామ్ 16 కిలోబైట్లు మాత్రమే. ర్యామ్ అంటే ప్రాసెసర్ ఆ క్షణాన పనిచేస్తున్న సమాచారాన్ని ఉంచుకునే తాత్కాలిక జ్ఞాపకశాల; కరెంటు పోతే దానిలోనిదంతా చెరిగిపోతుంది. బోర్డు మీద దాన్ని 64 కిలోబైట్ల వరకే పెంచగలిగే వీలుండటం, ఐబీఎం తన యంత్రపు సర్క్యూట్ పటాలను సాంకేతిక గ్రంథంగా అచ్చువేసి అమ్మడం ఒకేసారి జరగడంతో, ఎక్కువ ర్యామ్ ఉన్న కార్డులను ఎవరైనా తయారుచేసి అమ్మగలిగే పరిస్థితి ఏర్పడింది. ఆల్బర్ట్ వోంగ్, సఫీ ఖురేషీ, థామస్ యుయెన్ అనే ముగ్గురు వలస ఇంజనీర్లు 1980లో కాలిఫోర్నియాలో తమ పేర్ల తొలి అక్షరాలతో స్థాపించిన ఏఎస్‌టీ రీసెర్చ్ ఇలాంటి కార్డులతోనే పెద్ద కంపెనీ అయింది. అప్‌గ్రేడ్ అనే సరుకుకు బజారు ఏర్పడటం అక్కడి నుంచే.

ర్యామ్‌ను మామూలు మనిషి చేత్తో మార్చగలిగే వస్తువుగా చేసింది సిమ్ అనే పలక. అంతకుముందు మెమరీ చిప్పులను ఒక్కొక్కటిగా సాకెట్లలో కూర్చవలసి వచ్చేది; సన్నని కాళ్లలో ఒక్కటి వంగినా అది పనిచేసేది కాదు. వాంగ్ ల్యాబొరేటరీస్ 1983లో తొమ్మిది చిప్పులను ఒకే చిన్న పలక మీద అతికించి, దాని అంచును గాడిలో గుచ్చితే చాలేలా రూపొందించింది. ఈ రూపకల్పనలో కొన్నవారి సౌకర్యం కన్నా కర్మాగారపు లెక్కే ప్రధానం. మెమరీ చిప్పుల ధర కొద్ది నెలల్లోనే సగానికి పడిపోవడం, అంతలోనే రెట్టింపు కావడం మామూలు కనుక, ధర తెలియకముందే వాటిని బోర్డుకు టంకం వేసి బిగించుకోవడం తయారీదారుకు నష్టం. బోర్డులను ముందే చేసి పెట్టుకుని, ఆర్డరు వచ్చాక కావలసినంత మెమరీని గుచ్చి పంపడం లాభం.

ధరల ఎగుడుదిగుళ్లు ఎంతటివో రెండు సంఘటనలు చెబుతాయి. 1986లో అమెరికా, జపాన్‌ల మధ్య కుదిరిన సెమీకండక్టర్ ఒప్పందం చవక చిప్పుల అమ్మకాలను కట్టడి చేయడంతో ఆ తర్వాతి రెండేళ్లలో మెమరీకి కరువు వచ్చింది. ఆ కరువులోనే, 1987లో, జాన్ టూ, డేవిడ్ సన్ అనే ఇద్దరు దొరకని కొత్త రకం చిప్పులకు బదులు విరివిగా దొరికే పాత రకం చిప్పులతో మెమరీ పలకను తయారుచేసి కింగ్‌స్టన్ కంపెనీని స్థాపించారు. భారతీయ బజార్లలో కొన్నేళ్లపాటు ర్యామ్‌కు మారుపేరుగా నడిచిన పేర్లలో అది ఒకటి. 1993 జులైలో జపాన్‌లోని నీహామా పట్టణంలో సుమిటోమో రసాయన కర్మాగారం పేలిపోయింది. చిప్పులను పొదిగే రెసిన్‌లో ప్రపంచ సరఫరాలో సగానికి పైగా అక్కడి నుంచే వచ్చేది కావడంతో, గిడ్డంగుల్లో సరుకు ఉన్నా భయంతోనే మెమరీ ధరలు ఎగబాకాయి.

ర్యామ్ చాలనప్పుడు యంత్రం ఆగిపోకుండా నెమ్మదించడం వెనుక మరో పాత ఆవిష్కరణ ఉంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1962లో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్, తన అసలు మెమరీ నిండిపోయినప్పుడు వెంటనే అక్కరలేని సమాచారాన్ని తిరిగే అయస్కాంతపు డ్రమ్ముకు పంపి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకునేది. దీన్నే తర్వాత వర్చువల్ మెమరీ అన్నారు. ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీ ఉన్నట్టు ప్రోగ్రామును నమ్మించే ఈ ఉపాయం ఒక హద్దు వరకే పనిచేస్తుంది. ఆ హద్దు దాటితే, వంటగట్టు మీద చోటు చాలక ప్రతి దినుసుకూ అటక ఎక్కి దిగవలసి వచ్చినట్టు, యంత్రం అసలు పని మాని సరుకు మోయడంలోనే కాలం గడుపుతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెనింగ్ 1968లో ఈ దురవస్థను థ్రాషింగ్ పేరుతో వివరించాడు. వాడుకలో ‘హ్యాంగ్ అయింది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్ల ర్యామ్ చాలని మైక్రోసాఫ్ట్ ప్రకటించినా, సాఫీగా నడవాలంటే అందుకు రెట్టింపు కావలసి వచ్చేది. ర్యామ్ ధర అప్పటికి ఇంకా దిగిరాలేదు. ఈ సందులోకి సాఫ్ట్‌ర్యామ్ అనే ప్రోగ్రాము ప్రవేశించింది. డబ్బాలోని ఫ్లాపీని ఎక్కించుకుంటే అది సమాచారాన్ని కుదించి ఉన్న ర్యామ్‌ను రెట్టింపు చేస్తుందని సింక్రానిస్ అనే కంపెనీ ప్రచారం చేయగా, లక్షలమంది కొన్నారు. విప్పి చూసిన సాంకేతిక పత్రికలకు తెలిసింది వేరు: ఆ ప్రోగ్రాము మెమరీని కుదించడం లేదు, తెర మీద చూపించే అంకెను మాత్రం పెంచుతోంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో ఆ కంపెనీ ప్రచారాన్ని తప్పుడు ప్రచారంగా తేల్చి చర్య తీసుకుంది. ఒక్క నొక్కుతో ఫోన్ వేగం పెంచుతామనే నేటి యాప్‌లకు వంశకర్తను వెతకాలంటే ఇంతకన్నా తగినది దొరకదు.

ఇదంతా బల్ల మీది కంప్యూటర్ల కథ. ల్యాప్‌టాప్ మొదట్లో మూసిన పెట్టె. 1982 నాటి గ్రిడ్ కంపాస్, 1985 నాటి తోషిబా టీ1100 వంటి తొలి యంత్రాల్లో ప్రతి అంగుళమూ లెక్కే కనుక, ఏ కంపెనీ ఆకృతి ఆ కంపెనీదే. మెమరీ పెంచాలంటే ఆ నమూనాకే సరిపోయే కార్డును ఆ తయారీదారు చెప్పిన ధరకే కొనవలసి వచ్చేది. ఈ స్థితిని మార్చినవి రెండు కొలతలు. మొదటిది రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్. అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి చెందిన ప్రెయిరీటెక్ అనే చిన్న కంపెనీ 1988లో 20 మెగాబైట్ల నిల్వతో దాన్ని తెచ్చింది. కంపెనీ నిలవలేదు గానీ కొలత నిలిచింది. రెండోది సోడిమ్, అంటే ల్యాప్‌టాప్‌ల కోసం సగానికి కుదించిన మెమరీ పలక. 1990లలో పరిశ్రమ ఉమ్మడి ప్రమాణంగా ఒప్పుకున్న ఈ పలక అంచున డీడీఆర్3 తరంలో 204, డీడీఆర్4 తరంలో 260 కాంటాక్టులు ఉంటాయి గనుక ఒక తరం పలక మరో తరం గాడిలో దిగదు.

ఈ రెండు ప్రమాణాలు కుదిరాక 1990ల చివరి నుంచి ల్యాప్‌టాప్ అడుగున చిన్న చిన్న మూతలు కనిపించడం మొదలైంది: ఒకటి ర్యామ్‌కు, ఒకటి డిస్క్‌కు, రెండేసి మరలతో. అవి కూడా కర్మాగారపు సౌకర్యం కోసం వచ్చినవే. తైవాన్ కంపెనీలు వేర్వేరు బ్రాండ్ల కోసం ఒకే చట్రాన్ని తయారుచేసి, ఎవరి ఆర్డరును బట్టి వారికి చివరి గడియలో మెమరీ, డిస్క్ బిగించి పంపేవి. ఆ చివరి గడియ పని కొన్నవారి ఇంట్లో, వీధి చివరి దుకాణంలో కూడా చేసుకునే వీలు దానితోనే వచ్చింది.

అయినా, మూత విప్పగలగడం ఒక్కటే సరిపోలేదు. ర్యామ్ పెంచినా ల్యాప్‌టాప్ ఆన్ కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుండటానికి కారణం హార్డ్ డిస్క్ నిర్మాణంలోనే ఉంది. ఐబీఎం 1956లో రామాక్ యంత్రంతో పరిచయం చేసిన తొలి డిస్క్‌లో రెండడుగుల వ్యాసం గల 50 పళ్లేలు నిమిషానికి 1,200 సార్లు తిరుగుతుండగా, ఒక చేయి వాటి మధ్య కదిలి కావలసిన సమాచారం ఉన్న చోటికి చేరడానికి సగటున 600 మిల్లీసెకన్లు, అంటే అర సెకనుకు మించి పట్టేది. యాభై ఏళ్ల తర్వాతి ల్యాప్‌టాప్ డిస్క్ అరచేతిలో ఇమిడింది. రామాక్ డిస్క్‌లో పట్టిన యాభై లక్షల అక్షరాలకు పదివేల రెట్లు మించి నిల్వ చేయగలిగింది. వేగం మాత్రం అలా పెరగలేదు. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు పూర్తిచేయడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. సగటున అర చుట్టు ఆగాలి. దానికి చేయి కదలడానికి పట్టే పన్నెండో పదమూడో మిల్లీసెకన్లు కలిపితే ఒక్కో వెతుకులాటకు 17, 18 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు అరవైకి లోపు వెతుకులాటలు. విండోస్ తెరుచుకునే సమయంలో డిస్క్ మీద అక్కడక్కడా చెదిరి ఉన్న వేలకొద్దీ చిన్న ఫైళ్లను చదవవలసి ఉండగా, సెకనుకు కోట్లాది ఆదేశాలు అమలుచేసే ప్రాసెసర్ ఆ చేయి కదలిక కోసం కాచుకుని కూర్చునేది. అర్ధ శతాబ్దంలో ప్రాసెసర్లు లక్షల రెట్లు పుంజుకోగా, ఈ వెతుకులాట పుంజుకున్నది ముప్పై అయిదు రెట్లు కూడా కాదు. ల్యాప్‌టాప్ మందగొడితనానికి ఇంతకు మించిన కారణం లేదు.

పళ్లెమూ చేయీ లేని నిల్వకు పునాది వేసింది తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా. కరెంటు పోయినా చెరగని, విద్యుత్తుతోనే రాసి చెరపగల ఫ్లాష్ మెమరీని అతడు 1984లో లోకానికి వెల్లడించి, 1987లో దానిలోని నాండ్ అనే చవక రకాన్ని ప్రతిపాదించాడు. దాన్ని డిస్క్‌లా వాడుకునేలా చేసిన సాధనమే ఎస్ఎస్‌డీ. తర్వాత శాన్‌డిస్క్‌గా మారిన సన్‌డిస్క్ కంపెనీ 1991లో ఐబీఎం కోసం రెండున్నర అంగుళాల ఆకృతిలోనే 20 మెగాబైట్ల ఎస్ఎస్‌డీని తయారుచేసింది. దాని ధర సుమారు వెయ్యి డాలర్లు. కొత్త వస్తువు పాత వస్తువు కొలతలోనే రావడమన్నది ఇక్కడ గమనించదగిన సంగతి. ఆ ఎంపిక వల్లే, ప్రెయిరీటెక్ కొలత ప్రకారం చేసిన గూట్లో పాతికేళ్ల తర్వాత కూడా కొత్త సాధనం ఇమిడింది.

ఆ తర్వాతి పదిహేనేళ్లు ఎస్ఎస్‌డీ సైన్యానికి, కర్మాగారాలకే పరిమితమైంది. 2006లో శామ్‌సంగ్ 32 గిగాబైట్ల ఎస్ఎస్‌డీతో ల్యాప్‌టాప్‌ను అమ్మకానికి పెట్టింది. 2008 జనవరిలో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో హార్డ్ డిస్క్ బదులు 64 గిగాబైట్ల ఎస్ఎస్‌డీ కావాలంటే దాదాపు వెయ్యి డాలర్లు అదనం. మలుపు అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. ఇంటెల్ విడుదల చేసిన ఎక్స్25-ఎం 80 గిగాబైట్ల నిల్వతో, 595 డాలర్ల టోకు ధరతో వచ్చి, ఒక్కో వెతుకులాటను మిల్లీసెకనులో పదో వంతు కన్నా తక్కువ సమయంలో ముగించింది. దాన్ని బిగించడానికి కొత్త ల్యాప్‌టాప్ అక్కరలేదు. 2003లో రూపొంది, 2000ల మధ్య నుంచి ల్యాప్‌టాప్‌లన్నిటా వ్యాపించిన సాటా అనే కనెక్టర్ హార్డ్ డిస్క్‌కూ ఎస్ఎస్‌డీకీ ఒకటే కనుక, 2006 నాటి యంత్రం 2016 నాటి ఎస్ఎస్‌డీని కూడా మారుమాట లేకుండా స్వీకరించేది.

మిగిలింది ధర ఒక్కటే. 2011 చివర థాయ్‌లాండ్‌ను ముంచిన వరదల్లో వెస్టర్న్ డిజిటల్ కర్మాగారాలు మునిగి హార్డ్ డిస్క్‌ల ధర అమాంతం పెరగడం, 2013లో శామ్‌సంగ్ ఫ్లాష్ కణాలను పరచడం మాని అంతస్తులుగా పేర్చడం మొదలుపెట్టడం, రెండూ ఎస్ఎస్‌డీకి కలిసివచ్చాయి. ఎక్స్25-ఎం నాడు గిగాబైటుకు ఏడు డాలర్లు దాటిన ధర 2010ల మధ్యకు అర డాలరు కన్నా కిందికి దిగింది. 120, 240 గిగాబైట్ల ఎస్ఎస్‌డీలు విద్యార్థుల చేతికందే ధరకు చేరడంతో, రిపేరు దుకాణాల్లో అంతవరకు నడిచిన ‘ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వేయడం’ అనే వైద్యం వెనక్కి పోయింది. ఫార్మాట్ వల్ల కొన్ని నెలలు హాయిగా ఉండేది నిజమే గానీ, ఆ హాయి డిస్క్ మీద చెత్త తగ్గడం వల్ల వచ్చినదే తప్ప వెతుకులాట వేగం వల్ల కాదు.

హైదరాబాద్‌లో ఈ పనికి కేంద్రం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరి నోటా అది సీటీసీ. చెన్నై రిచీ స్ట్రీట్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్, బెంగళూరు ఎస్పీ రోడ్డుల సరసన నిలిచే ఈ బజారుకు బలం అసెంబుల్డ్ కంప్యూటర్లతో వచ్చింది. 1984 నవంబరులో ప్రకటించిన కంప్యూటర్ విధానం, 1991 సరళీకరణ దిగుమతి దారులు తెరిచినా సుంకాలు ఇంకా బరువుగానే ఉండటంతో, బిల్లు లేకుండా నడిచే గ్రే మార్కెట్ సరుకూ, విదేశాల నుంచి వచ్చే బంధువుల పెట్టెల్లో ప్రయాణించే ర్యామ్ పలకలూ ఆనాటి బజారులో మామూలే. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక వస్తువుల ఒప్పందంలో చేరి 2005 నాటికి చాలా విడిభాగాల మీద కస్టమ్స్ సుంకాన్ని సున్నాకు తేవడంతో దొంగచాటు సరుకుకు పని తగ్గింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నగరంలో పెరిగిన ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి తమ ల్యాప్‌టాప్‌లను మొత్తంగా మార్చేసి పాతవాటిని టోకుగా వదిలించుకునేవి. దృఢంగా చేసిన ఆ ఆఫీసు యంత్రాలకు ర్యామ్, ఎస్ఎస్‌డీ, కొత్త బ్యాటరీ కలిపి సెకండ్ హ్యాండ్‌లో అమ్మడం ఒక వ్యాపారంగా స్థిరపడగా, రెండు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు, అమీర్‌పేట కోచింగ్ కేంద్రాలకు వచ్చేవారు దానికి ఖాతాదారులయ్యారు. 2020లో కరోనా వల్ల తరగతులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు, అటకెక్కించిన ల్యాప్‌టాప్‌లు కూడా ఈ బల్లల మీదికి వచ్చాయి.

ఈ పనివారికి బడిలో చెప్పని విద్య చాలా ఉంది. తెర వెలగని యంత్రం వస్తే ముందుగా ర్యామ్ పలకను బయటికి తీసి, దాని బంగారు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చి చూస్తారు. పేరుకున్న మకిలి పోయి చాలాసార్లు అంతటితోనే పని జరుగుతుంది. డీవీడీ డ్రైవ్‌ను తీసేసి ఆ గూట్లో క్యాడీ అనే చట్రంతో పాత హార్డ్ డిస్క్‌ను ఉంచి, అసలు స్థానంలో ఎస్ఎస్‌డీని పెట్టడం, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ గీకి కొత్తది రాసి, ఫ్యాన్‌లో దుమ్ము ఊది, వేడికి తన వేగాన్ని తానే తగ్గించుకుంటున్న ప్రాసెసర్‌ను తేరుకునేలా చేయడం కూడా వారి నిత్యకృత్యాలే. స్టిక్కరు మార్చిన పాత మెమరీ, పేరుకు తప్ప నిల్వలేని నకిలీ డ్రైవ్‌లు అదే బజారులో తిరగడం కూడా ఈ చరిత్రలో భాగమే. సాఫ్ట్‌ర్యామ్ చేసిన మోసానికి ఇది హార్డ్‌వేర్ రూపం.

నిల్వ, మెమరీ మార్చినంత మాత్రాన పదేళ్ల నాటి ప్రాసెసర్ ఎలా చాలుతుందన్న ప్రశ్నకు జవాబు వింతగా ర్యామ్‌ను కనిపెట్టిన మనిషి దగ్గరికే తీసుకువెళుతుంది. ఇవాళ్టి ర్యామ్ కణానికి 1968లో పేటెంటు పొందిన ఐబీఎం శాస్త్రవేత్త రాబర్ట్ డెన్నార్డ్, 1974లో మరో ముఖ్యమైన సూత్రాన్ని కూడా ప్రతిపాదించాడు: ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ, అదే వేడితో, అది మరింత వేగంగా పనిచేస్తుంది. ముప్పై ఏళ్లు ఆ సూత్రం ప్రకారమే ప్రాసెసర్ల గడియారపు వేగం పెరిగింది. 2004 ప్రాంతంలో, వేగం 4 గిగాహెర్ట్జ్‌ను చేరబోతుండగా, చిన్న ట్రాన్సిస్టర్ల నుంచి కారిపోయే విద్యుత్తు ఆ సూత్రాన్ని వమ్ము చేసింది. 1990లలో నాలుగేళ్ల పాత ప్రాసెసర్ నిజంగానే పనికిమాలినది. 2011 నాటి ప్రాసెసర్ మాత్రం 2021లో కూడా ఉత్తరాలు, లెక్కల పట్టికలు, వీడియో పాఠాల వరకు లోటు లేకుండా నడిపింది. ప్రాసెసర్ల ప్రగతి నెమ్మదించిన కాలమే పాత ల్యాప్‌టాప్‌లకు కలిసివచ్చిన కాలం.

అదే కాలంలో మూతలు మూసుకోవడం మొదలైంది. 2008 నాటి మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనే ర్యామ్‌ను బోర్డుకు టంకం వేసి బిగించారు. 2012 రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని కూడా జిగురుతో అంటించారు. ఇంటెల్ 2011లో ప్రకటించిన అల్ట్రాబుక్ ప్రణాళిక ల్యాప్‌టాప్ మందాన్ని 21 మిల్లీమీటర్లకు మించకుండా కట్టడి చేయడంతో, విండోస్ యంత్రాల తయారీదారులూ అదే దారి పట్టారు. దీన్నంతా దురాశగా కొట్టిపారేయడం సరికాదు: బ్యాటరీని ఆదా చేసే ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ తక్కువ వోల్టేజీతో, ప్రాసెసర్‌కు అతి దగ్గరగా ఉంటేనే పనిచేస్తుంది, సోడిమ్ గాడిలోని పొడవాటి దారిలో దాని సంకేతం నిలవదు. అయితే కొన్నప్పుడే ఎక్కువ మెమరీకి కంపెనీ చెప్పిన ధర చెల్లించక తప్పని స్థితి ఆ కంపెనీలకు ఎంత లాభమో కూడా మరచిపోకూడదు. 2020లో వచ్చిన యాపిల్ ఎం1లో మెమరీ ఏకంగా ప్రాసెసర్ పొదిలోకే చేరింది. ఇందుకు ఎదురుగా 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికన్ కంపెనీ ప్రతి భాగమూ విప్పదగిన ల్యాప్‌టాప్‌ను అమ్మకానికి తెచ్చింది. డెల్ మొదలుపెట్టిన క్యామ్ అనే పలుచని మెమరీ పలక 2023 డిసెంబరులో పరిశ్రమ ప్రమాణమైంది. భారత వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీని నియమించింది గానీ, టంకం వేసిన ర్యామ్‌ను విప్పించే అధికారం ఏ కమిటీకీ లేదు.

మరో తలుపు సాఫ్ట్‌వేర్ వైపు నుంచి మూసుకుంది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా అంతకు తర్వాతి ప్రాసెసర్ కావాలని నిబంధన పెట్టడంతో, ఎంత ర్యామ్ వేసినా, ఎంత మంచి ఎస్ఎస్‌డీ పెట్టినా 2017కు ముందరి ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నీ దాని గడప బయటే ఆగిపోయాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిశాక వాటికి మిగిలినది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. తెలుగు తెర కలిగిన లినక్స్‌ను చాలా కాలం క్రితమే రూపొందించిన స్వేచ్ఛ వంటి సంస్థల పని ఇప్పుడు కొత్తగా అక్కరకు వస్తోంది. అదే 2025 చివర, కృత్రిమ మేధ కేంద్రాల కోసం ప్రత్యేక మెమరీ తయారీకి కర్మాగారాలు మళ్లడంతో సామాన్య ర్యామ్ ధర మళ్లీ ఎగబాకింది. విడి ర్యామ్, ఎస్ఎస్‌డీలను 1996 నుంచి క్రూషియల్ పేరుతో చిల్లరగా అమ్ముతూ వచ్చిన మైక్రాన్, ఆ డిసెంబరులో ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.